వెన్ను తిరగబెట్టే రోజులు

మా కొండమీద ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే. నిన్న ఏం తిన్నావు? నేను గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే ఎదురింటి పిన్నిగారు గుమ్మంలోంచే పలకరిస్తారు. “ఏం టీచరమ్మా, మళ్లీ పట్టేసిందా? వంకాయ కూర వండుకున్నారా ఏంటి?” ఇంకాస్త దిగితే మరొకావిడ, “తలంటుకుని తడిజుట్టుతో పడుకుని ఉంటావులే” అంటారు. కుళాయి దగ్గర ఫ్యాను గాలి మాట వస్తుంది. విజయవాడ వన్ టౌన్‌లో కొండవాలు ఇళ్లవాళ్లం ఒకరి గడప ముందునుంచి ఒకరం నడిచి వెళ్లాలి. అక్కడ ఎవరి నొప్పీ దాగదు. వాళ్లందరిదీ ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ ప్రశ్న లోపల ఒక తీర్పు ఉంది. నొప్పి తిరగబెట్టిందంటే నువ్వేదో తప్పు చేశావని.

నాకున్న జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముకకు, నడుం కింది కీళ్లకు వాపు తెచ్చే కీళ్లవాతం. మెడ నొప్పి ఉన్న ప్రతివాళ్లూ “నాకూ స్పాండిలైటిసే” అంటుంటారు కాబట్టి ఒక మాట చెప్పాలి. వయసు పైబడి మెడ ఎముకలు అరిగితే వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఇది అరుగుదల కాదు. రోగనిరోధక వ్యవస్థ దారితప్పి మన ఒంటిమీదే వాపు రేపే జబ్బు. సాధారణంగా 45 ఏళ్లలోపే మొదలవుతుంది, చాలామందికి ఇరవైల్లోనే. కొన్నాళ్లు అణిగి ఉంటుంది, కొన్నాళ్లు రేగుతుంది. ఆ రేగడం జబ్బు స్వభావంలోనే ఉంది. మందులు సక్రమంగా వేసుకుంటూ, వ్యాయామం మానకుండా, పథ్యం చేసేవాళ్లకు కూడా ఒక్కోసారి తిరగబెడుతుంది. దాన్ని శిక్ష అనుకున్నంతకాలం మనం చేసేది పశ్చాత్తాపం ఒక్కటే. వచ్చిపోయేదే అని తెలుసుకుంటే సిద్ధపడటం మొదలుపెడతాం. నేను రాయదలచుకున్నది ఆ సిద్ధపడటం గురించి.

నేను మున్సిపల్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఆయన వస్త్రలత బట్టల బజారులో ఒక షాపులో లెక్కలు రాస్తారు. మా అబ్బాయి ఆపరేషన్‌తో పుట్టాడు. నాకు నడుం నొప్పి ముదిరింది ఆ తర్వాతే. ఇక చెప్పాలా, మా అమ్మ దగ్గర్నుంచి మా స్టాఫ్‌రూమ్ దాకా అందరూ తేల్చేసిన కారణం ఆపరేషన్ అప్పుడు నడుంలో ఇచ్చిన మత్తు సూది. మా వైపు కాన్పయిన ఆడవాళ్ల నడుం నొప్పికి ఆ సూది మీద పడే నింద ఇంతా అంతా కాదు. ఈ జబ్బుకూ ఆ సూదికీ ఏ సంబంధమూ లేదు. పైగా పిల్లాడు కడుపున పడకముందే, బీఈడీ చదివే రోజుల్లోనే, తెల్లవారుజామున నొప్పికి లేచి హాస్టల్ వరండాలో తిరిగేదాన్ని. తిరిగితే తగ్గేది. పడుకుంటే మళ్లీ వచ్చేది.

అసలు గుర్తు అదే. బరువెత్తి పట్టేసిన నడుముకు విశ్రాంతి ఇస్తే ఊరట. ఈ జబ్బులో నడుము విశ్రాంతితో బిగుసుకుపోతుంది, కదిలితే సడలుతుంది. రాత్రి రెండో జాము దాటాక నొప్పి నిద్ర లేపుతుంది. పొద్దున లేచాక అరగంట పైన, కొందరికి గంటల తరబడి, ఒళ్లు కర్రలా ఉంటుంది. ఒకసారి కుడి పిర్రలో, ఇంకోసారి ఎడమ పిర్రలో లోతుగా నొప్పి వస్తుంది. ఎప్పుడు మొదలైందంటే తేదీ చెప్పలేం, మెల్లగా వచ్చి మూడు నెలలు దాటినా పోదు. మడమ వెనక కండర బంధనం ఎముకకు అతుక్కునేచోట, పక్కటెముకల దగ్గర కూడా నొప్పి రావచ్చు. తుమ్మితే ఛాతీ పట్టేస్తుంది.

ఇన్ని గుర్తులున్నా నాకు జబ్బు పేరు తెలియడానికి ఏళ్లు పట్టింది. ప్రపంచవ్యాప్తంగా చూసినా సగటున ఏడేళ్ల దాకా ఆలస్యమవుతోంది, ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ. ఇది మగవాళ్ల జబ్బని వైద్యులు కూడా చాలాకాలం అనుకున్నారు. కారణం ఎక్స్‌రే. వెన్ను, తుంటి కలిసేచోట ఉండే సాక్రోఇలియాక్ కీళ్లలో మార్పు ఎక్స్‌రేలో కనపడటానికి కొన్నేళ్లు పడుతుంది, కొందరిలో ఎప్పటికీ కనపడదు. ఎక్స్‌రేలో కనపడని దశలో ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకుంటే ఆడా మగా తేడా చాలావరకు పోతుంది. ఆ కీళ్ల వాపు ఎమ్మారైలో ముందే తెలుస్తుంది. హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యువుకు పరీక్ష ఉంది, ఈ జబ్బుతో ఆ జన్యువుకున్న సంబంధం 1973లో బయటపడింది. అయితే ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదు. రక్తపరీక్ష కాగితం ఒక్కటే చూసి పెళ్లి సంబంధాలు వెనక్కి పంపేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

మన ప్రాంతంలో వెన్ను బిగుసుకుపోయిందంటే డాక్టర్లు ఇంకొన్ని జబ్బులు కూడా ఆలోచించాలి, వాటికి మన చరిత్రలో చోటుంది. పొదిలి, దర్శి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల మనుషుల వెన్నెముకలు గట్టిపడి వంగిపోవడాన్ని 1937లోనే వైద్యులు రాసిపెట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. వెన్నుకు వచ్చే క్షయ ఇంకొకటి. 2005 చివర్లో మళ్లీ తలెత్తిన చికున్‌గున్యా మన జిల్లాల్లో వేలమందిని నెలల తరబడి కీళ్ల నొప్పులతో కూర్చోబెట్టింది, ఆ తర్వాత ఏ కీలు నొప్పిని చూసినా “అదే అయ్యుంటుంది” అనడం అలవాటైంది. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు పేరుపడింది. కానీ మా జబ్బు విరిగిన ఎముక కాదు. వెన్ను మీద మోకాలు పెట్టి విరిచే వైద్యం మాత్రం ఎవరు చేస్తానన్నా వద్దనండి. వాపుతో పెళుసుబారిన వెన్నుకు అది ప్రమాదం.

ఇక రేగడం అంటే లోపల ఏం జరుగుతోంది? కండర బంధనాలు ఎముకకు అతుక్కునే చోట్లు ఒంట్లో చాలా ఉన్నాయి. వెన్నులో ప్రతి పూసకూ ఉన్నాయి. రోజంతా లాగుడు, ఒత్తిడి పడేది వాటి మీదే. మామూలు మనిషికి అక్కడ కలిగే చిన్న ఒత్తిడి రాత్రికి సర్దుకుంటుంది. మాకు అక్కడికి రక్షణ కణాలు చేరి టీఎన్ఎఫ్, ఐఎల్-17 అనే రసాయన సందేశాలు విడుదల చేస్తాయి, ఆ సందేశాలు ఇంకొన్ని కణాలను పిలుస్తాయి. వాపు ఎముక లోపలి మజ్జ దాకా పాకుతుంది. అవే రసాయనాలు రక్తంలో తిరుగుతాయి కనుకనే నడుం నొప్పితో పాటు ఒళ్లంతా నీరసం. జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు ఎలా ఉంటుందో అలా. బయటికి ఏమీ కనపడదు. ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్తపరీక్షలు కూడా చాలామందిలో ఆ సమయంలో మామూలుగానే ఉంటాయి. “రిపోర్టులు బాగున్నాయిగా, ఇంకేంటి నొప్పి” అనే మాట వినని రోగి ఉండరేమో.

ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊరు వేడినీటి బుగ్గలకు ప్రసిద్ధి. అక్కడి కీళ్లవాత ఆసుపత్రిలో ఈ జబ్బు మీద ఎన్నో ఏళ్లుగా పని జరిగింది. జబ్బు తీవ్రతను కొలవడానికి 1994లో వాళ్లు తయారుచేసిన ఆరు ప్రశ్నల కొలతనే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. నీరసం ఎంత, వెన్ను నొప్పి ఎంత, మిగతా కీళ్ల నొప్పి ఎంత, తాకితే నొప్పెట్టే చోట్లు ఎలా ఉన్నాయి, పొద్దుటి బిగుసు ఎంత తీవ్రం, ఎంతసేపు. సున్నా నుంచి పది దాకా అంకె వేయాలి, సగటు నాలుగు దాటితే జబ్బు చురుగ్గా ఉన్నట్టు. అక్కడివాళ్లే ఆ తర్వాత రోగుల్ని కూర్చోబెట్టి, రేగడమంటే మీకేమిటో మీరే చెప్పండన్నారు. వచ్చిన జవాబుల్లో నొప్పి ఉంది, కదలలేకపోవడం ఉంది, నీరసం ఉంది. వాటితో సమానంగా మనసు ఉంది. దిగులు, కోపం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం. ఒకచోట పట్టే చిన్న రేగుడు, ఒళ్లంతా కూలబడే పెద్ద రేగుడు అని రెండు రకాలుగా కూడా వాళ్లు చెప్పారు. అది చదివినప్పుడు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. నొప్పి రావడానికి ముందురోజు పిల్లల మీద ఊరికే కేకలేస్తున్నానని నాకు తెలుసు, అది కూడా జబ్బులో భాగమని ఎవరూ చెప్పలేదు.

మా ఊరికి వరద కొత్త కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు ఒక స్థాయికి రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఇంకా పెరిగితే రెండోది. ఏ హెచ్చరికకు ఎవరు ఎక్కడికి వెళ్లాలో, ఏ కాలనీ ఖాళీ చేయాలో ముందే రాసి ఉంటుంది. నీళ్లొచ్చాక కూర్చుని ఆలోచించరు. నా వెన్నుకూ నేను అలాంటి కాగితమే పెట్టుకున్నాను. బాగున్న రోజున డాక్టరుగారి దగ్గర కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకుని, బీరువా తలుపుకు అంటించాను. నొప్పితో ఉన్న మనిషికి నిర్ణయాలు తీసుకునే ఓపిక ఉండదు. అందుకే బాగున్నప్పుడే తీసుకుని పెట్టుకోవాలి.

మొదటి హెచ్చరిక గుర్తులు ఎవరివి వాళ్లకే తెలియాలి. నాకు ముందు నీరసం, తర్వాత నిద్ర చెదరడం, ఆ తర్వాత ఎడమ పిర్ర. మా ఇంట్లో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ వెంకట్రామా క్యాలెండర్ మీదే రాస్తాం. ఆ తేదీ పక్కనే పెన్సిల్‌తో నా నొప్పి అంకె, పొద్దున బిగుసు విడటానికి ఎంతసేపు పట్టిందీ వేస్తాను. కొన్ని నెలలు గడిచాక ఆ క్యాలెండరే పాఠం చెప్పింది. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ జరిగే ఏప్రిల్‌లో అంకెలు పెరుగుతాయి, అయితే పేపర్లు దిద్దిన రోజున కాదు, దిద్దడం మొదలైన రెండు మూడు రోజులకు. దసరాకు పెరుగుతాయి. మా అబ్బాయి పరీక్షలప్పుడు పెరుగుతాయి. వంకాయకు మాత్రం పెరగలేదు. ఏ ఒక్క కూరా ఈ జబ్బును రేపుతుందని రుజువు లేదు. మీకు ఏదైనా పడదనిపిస్తే కొన్నాళ్లు మాని, మళ్లీ తిని, రాసుకుని చూడండి. నలుగురు చెప్పారని పాలు, పప్పు, పెరుగు అన్నీ మానేసి ఎముకలకు అందాల్సిన పోషణ పోగొట్టుకోవద్దు. బాత్‌లో రోగులు తమను రేపేవిగా ఎక్కువగా చెప్పినవి రెండు: మనసు మీది ఒత్తిడి, ఓపికకు మించి చేసిన పని. సిగరెట్టు సంగతి వేరు. అది వెన్ను బిగుసుకుపోవడాన్ని వేగం చేస్తుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. మా బజారులో షాపు మెట్ల మీద నిలబడి కాల్చే కుర్రాళ్లలో నడుం నొప్పి ఉన్నవాళ్లు ఇది వినాలి.

మొదటి హెచ్చరిక రాగానే నేను చేసేవి చెబుతాను. ఇవి నాకు నా డాక్టరు చెప్పినవి, మీవి మీ డాక్టరు చెప్పాలి. వాపు తగ్గించే నొప్పి మాత్ర ఈ జబ్బుకు మొదటి మందు. నొప్పిని మరిపించడం ఒక్కటే దాని పని కాదు, వాపు మీదే పనిచేస్తుంది. చాలామందికి రెండు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అలా తెలియడం కూడా ఈ జబ్బు గుర్తుల్లో ఒకటి. అయితే డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు, అన్నం తిన్నాక. మందులషాపులో “నడుం నొప్పికి ఏదైనా ఇవ్వండి” అంటే ఇచ్చే మాత్రలో కూడా అదే జాతి మందు ఉండొచ్చు. రెండూ కలిపి మింగితే పొట్టకు, మూత్రపిండాలకు ముప్పు. ఆర్ఎంపీ దగ్గర రోజూ వేయించుకునే సూది సంగతీ అంతే. పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని పొడులు ఒక్క రోజులో అద్భుతంగా పనిచేస్తే అనుమానించండి, స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. వెన్ను వాపుకు స్టెరాయిడ్ మాత్రలు దీర్ఘకాలం వాడొద్దనే అంతర్జాతీయ వైద్య సంఘాల సూచన.

విజయవాడలో ఇంకో జాగ్రత్త కావాలి. ఇక్కడ ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఈ మాత్రలు మూత్రపిండాల మీద పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో మజ్జిగ, నీళ్లు లెక్కపెట్టుకుని తాగుతాను. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయమని నా కాగితంలో ఉంది. వానలు పడ్డాక వచ్చే జ్వరం డెంగీ కావచ్చు. అందులో ఈ జాతి మాత్రలు రక్తస్రావం ముప్పు పెంచుతాయి. కాబట్టి జ్వరం ఉన్న రోజున ఒళ్లు నొప్పులు జబ్బు వల్లే అనుకుని నొప్పి మాత్ర వేసుకోకుండా ముందు రక్తపరీక్ష.

మాత్ర పని మాత్ర చేస్తుంది, మిగతాది కదలిక. రేగినప్పుడు పూర్తిగా మంచం పట్టడం నష్టం. అలాగని రోజూ చేసే వ్యాయామం అంతా పళ్లు బిగించి చేయడమూ నష్టమే. నేను సగానికి సగం తగ్గిస్తాను, మానను. మంచం దిగకముందే మోకాళ్లు ముడిచి అటూ ఇటూ మెల్లగా వాల్చడం, మోకాలు ఛాతీ వైపు లాక్కోవడం. తర్వాత వేడినీళ్లు. మా కొండకు కుళాయి నీళ్లు సరిగ్గా ఒళ్లు కర్రలా ఉండే పొద్దుటి వేళకే వస్తాయి. ఆ రోజుల్లో బిందెలు పట్టడం మా ఆయన పని, అది కూడా కాగితంలో రాసి ఉంది. స్నానం వేడికి ఒళ్లు కాస్త వదిలాక గోడకు మడమలు, పిర్రలు, భుజాలు, తల ఆనించి నిలబడటం, చేతులు పక్కటెముకల మీద పెట్టుకుని లోతుగా ఊపిరి తీయడం. పక్కటెముకల కీళ్లు బిగుసుకుపోకుండా ఉండటానికి ఆ ఊపిరే మందు. సాయంత్రం బడి నుంచి వచ్చాక కాసేపు బోర్లా పడుకుంటాను, వెన్ను ముందుకు వంగిపోకుండా. తలగడ పల్చగా ఉండాలి. నేలమీదే పడుకోవాలన్న నియమం లేదు, కుంగిపోని పరుపు చాలు. రేగుడు తగ్గాక ఒక్కసారిగా పాత వేగం అందుకోకుండా వారం పది రోజులు తీసుకుని పెంచుకుంటూ వస్తాను. కృష్ణలో రోజూ ఈదేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఈత వచ్చినవాళ్లకు ఈ జబ్బులో ఈతంత మంచిది తక్కువ. నాకు రాదు కనుక బ్యారేజీ మీద నడక.

స్పాట్ వాల్యుయేషన్‌లో జవాబుపత్రాల కట్టను బల్లమీద ఎత్తుగా పెట్టుకుని, అరగంటకోసారి లేచి నిలబడి దిద్దుతాను. మొదట్లో నలుగురూ చూసేవాళ్లు. ఇప్పుడు పక్కన కూర్చునే టీచర్లు కూడా లేచి నిలబడుతున్నారు, వాళ్ల నడుములూ నొప్పే కదా. దసరా తొమ్మిది రోజులూ మా వీధులన్నీ కిక్కిరిసిపోతాయి. కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర మొదలయ్యే క్యూలో గంటల తరబడి నిలబడటం, చుట్టాల రాక, వంటలు, నిద్రలేమి. అమ్మవారి దర్శనం మానమని ఎవరూ చెప్పక్కర్లేదు. నేను పండగ ముగిశాక, రద్దీ తగ్గాక ఒక మామూలు రోజున పొద్దెక్కాక వెళ్తాను. మా అత్తయ్యగారు మొదటి ఏడాది బాధపడ్డారు. ఇప్పుడు ఆవిడే, “మన దర్శనం పౌర్ణమి తర్వాతే పెట్టుకుందాం అమ్మా, అప్పుడైతే నీ నడుం నిలబడుతుంది” అంటున్నారు.

రెండో హెచ్చరిక అంటే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే అన్న గీత. నా కాగితంలో అది ఇలా ఉంది: మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా వారం దాటినా అంకె దిగకపోతే, లేదా కొద్ది నెలల్లోనే మళ్లీ మళ్లీ రేగుతుంటే. అలా రేగుతోందంటే మొత్తం వైద్యాన్నే ఒకసారి తిరిగి చూడాలని అర్థం. కొన్ని మాత్రం రేగుడే కాదు, వాటికి వారం కూడా ఆగకూడదు. కన్ను ఎర్రబడి, నొప్పెట్టి, వెలుతురు చూడలేకపోతే అది కండ్లకలక అనుకోవద్దు. ఈ జబ్బున్నవాళ్లలో పాతిక శాతం మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు కంటిలోపల వాపు వస్తుంది. అదే రోజు కంటి డాక్టరు చూడాలి, ఆలస్యమైతే చూపు దెబ్బతింటుంది. ఎప్పుడూ లేని చోట ఒక్కసారిగా కొత్త నొప్పి, అందులోనూ జారిపడ్డాక వస్తే, వెన్ను ఎముక చిట్లి ఉండొచ్చు. బిగుసుకుపోయిన వెన్ను చిన్న దెబ్బకే విరుగుతుంది, మా కొండ మెట్ల మీద వానాకాలంలో జారడం ఎంత తేలికో నాకు తెలుసు. కాళ్లలో బలం తగ్గడం, మర్మావయవాల దగ్గర మొద్దుబారడం, మలమూత్రాలు ఆపుకోలేకపోవడం జరిగితే వెంటనే పెద్దాసుపత్రి. నల్లటి విరేచనం అయితే పొట్టలో రక్తస్రావమని అనుమానం. ఛాతీ నొప్పిని పక్కటెముకలదే అనుకుని ఊరుకోకూడదు, గుండె సంగతి ముందు తేల్చుకోవాలి.

మాత్రలతో లొంగనివాళ్లకు ఇప్పుడు బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. నేను లోపల జరిగేదని చెప్పిన ఆ టీఎన్ఎఫ్ సందేశాన్ని, లేదా ఐఎల్-17ను ఇవి అడ్డుకుంటాయి. 2003 నుంచి ఈ జబ్బుకు వాడుతున్నారు. మొదట్లో వాటి ధర వింటేనే మధ్యతరగతి వెనక్కి తగ్గేది. 2014 డిసెంబరులో అడాలిముమాబ్ అనే బయోలాజిక్‌ను పోలిన మందును (బయోసిమిలర్) జైడస్ కంపెనీ మన దేశంలోనే విడుదల చేశాక, తర్వాత మరికొన్ని వచ్చాక, ధర బాగా దిగింది. ఇప్పటికీ చవక కాదు. ఇవి మొదలుపెట్టేముందు క్షయ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిములను కాపలా కాసేది కూడా ఆ టీఎన్ఎఫే. నదికి అవతల మంగళగిరిలో ఎయిమ్స్ కట్టింది పాత క్షయ శానిటోరియం స్థలంలోనే. ఈ ప్రాంతంలో ఆ జబ్బు ఎంత పాతదో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు. ఇంజెక్షన్ మీద ఉండగా విడవని దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే చెప్పకుండా దాచొద్దు. జ్వరం ఉన్న వారం సూది వేసుకోవాలా వద్దా అనేది ఫోన్ చేసి అడగాలి.

ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సింగ్ నగర్ మునిగినప్పుడు, కృష్ణలో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వెళ్తున్నప్పుడు, డాక్టరు దగ్గర పరిచయమైన ఒక చెల్లెలి ఇంట్లో ఫ్రిజ్ నీళ్లలో తేలింది. లోపల ఆ నెల ఇంజెక్షన్లు ఉన్నాయి. కరెంటు రోజుల తరబడి లేదు. మందు పోయింది, ఒక మోతాదు తప్పింది, మేడమీద తడిలో నిద్రలేని రాత్రులు. కొన్ని వారాలకు ఒళ్లంతా రేగింది. అప్పటినుంచి నా కాగితంలో ఒక వరస చేరింది: ఇంజెక్షన్లకు చిన్న ఐస్ పెట్టె, ఐసు మందుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ, కరెంటు ఎక్కువసేపు పోతే కొండ దిగువన జనరేటర్ ఉన్న మందులషాపు నంబరు. చల్లదనం తప్పి రోజులు గడిచిన ఇంజెక్షన్ వేసుకోవద్దు, డాక్టరును అడగండి.

కాగితంలో చివరి భాగం ఇంట్లోవాళ్లకు రాసింది. రేగిన రోజున నన్ను ఏం తిన్నావని అడగొద్దు, ఎక్కడుంది, ఎంతుంది అని అడగండి. నేను పడుకుని ఉంటే గంటకోసారి లేపి నాలుగడుగులు వేయించండి. నేను చిరాకు పడితే మనసులో పెట్టుకోవద్దు. మా అబ్బాయి ఇప్పుడు కాలేజీకి వచ్చాడు, పొద్దున నా గది తలుపు దగ్గర నిలబడి, “అమ్మా, ఈరోజు అంకె ఎంత?” అంటాడు. ఆరు అంటే వంటింట్లోకి వెళ్లి స్టవ్ మీద వేడినీళ్లు పెడతాడు. దిగులు రోజుల తరబడి వదలకపోతే అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన లక్షణమే, మనోబలం లేకపోవడం కాదు.

మా బట్టల బజారులో తానులు మోసే కుర్రాళ్లను చూస్తుంటాను. పొద్దున షాపు తీసేసరికి నడుం వంగదు, ఓనరు బద్ధకమంటాడు. మధ్యాహ్నానికి ఒళ్లు వదిలి అందరికంటే చురుగ్గా పనిచేస్తారు, దాంతో పొద్దుటి నొప్పి నాటకమనే అనుమానం బలపడుతుంది. మీ ఇంట్లో, మీ షాపులో నలభై ఐదేళ్లలోపు మనిషి మూడు నెలలకు మించి అలా ఉంటే, తెల్లవారుజామున లేచి తిరుగుతుంటే, రుమటాలజిస్ట్ దగ్గరకు పంపండి. ఇప్పుడు విజయవాడలోనే ఉన్నారు, హైదరాబాద్ నిమ్స్‌లో ప్రత్యేక విభాగమే ఉంది. వెళ్లేటప్పుడు నొప్పి ఏ వేళకు వస్తుందో, కదిలితే తగ్గుతుందో పెరుగుతుందో, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి నడుం నొప్పి, సోరియాసిస్, పేగు వాపు, కన్ను ఎర్రబడటం ఉందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లమనండి. ఎక్స్‌రే బాగుందని ఎవరైనా పంపేసి ఉంటే ఆ ఎక్స్‌రే కూడా పట్టుకెళ్లి, సాక్రోఇలియాక్ కీళ్లకు ఎమ్మారై తీయాల్సి ఉంటుందా అని అడగమనండి.